వగ్దీ పేరున ఇచ్చిన నెత్తురు

కువైట్ విమానం ఇంకో గంట ఆలస్యమని బోర్డు మీద పడగానే షాబాన్‌కి ముందు కలిగింది సంతోషం, ఆ వెంటనే ఆ సంతోషం మీద అసహ్యం. గంట. ఇంకో గంటసేపు వగ్దీ ఆకాశంలోనే ఉంటాడు, అక్కడ వాడింకా పెళ్ళికొడుకే, ఒళ్ళో అత్తరు సీసాల సంచీ పెట్టుకుని కూచున్న పెళ్ళికొడుకు, పెళ్ళికూతురి ఉంగరం వెనక్కి వచ్చేసిందని వాడికి తెలియదు, వాడు తమ ఇళ్ళల్లో టీ తాగిన గ్లాసులు కూడా ఊళ్ళో ఆడవాళ్ళు పగలగొట్టి పెంటలో పోశారని తెలియదు, కన్నతండ్రి వాడికోసం పొలంలో నీళ్ళ ఇంజను గదిలో మంచం వేయించాడని తెలియదు. కైరో విమానాశ్రయంలో ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డ షాబాన్‌కి అవన్నీ తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. అది ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు, వగ్దీ తండ్రి బయూమీ చిన్నాన్నకీ తెలియదు, ఇంట్లో భార్య సబాహ్‌కీ తెలియదు. జబ్బుందని తేలిన ఆ నెత్తురు వగ్దీది కాదు. తనది.

జేబులో ఫోను మళ్ళీ కొట్టుకుంది. తీసి చూడక్కర్లేదు, ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మే. పరీక్ష కాగితంలో తన నంబరే రాయించాడు, వగ్దీ నంబరు కువైట్‌ది కదా, ఎవరు చేస్తారు అంత దూరం, అయినా ఏముంటుంది చెయ్యడానికి, ముద్ర వేసి ఇస్తారు, అంతే. ముద్ర కోసమేగా అదంతా. వసంతంలో నిశ్చితార్థానికి వగ్దీ సెలవు మీద వచ్చినప్పటి మాట. పెళ్ళి చదివించే పెద్దమనిషి ఆరోగ్య పరీక్ష కాగితం లేనిదే కలం ముట్టనన్నాడు, ఈ రోజుల్లో దొంగ కాగితం నడవదు, అంతా కంప్యూటర్లో పడుతుంది, ఇద్దరూ వెళ్ళి నెత్తురివ్వాల్సిందే అన్నాడు. పెళ్ళికూతురు నిస్మా తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళి ఇచ్చి వచ్చింది. వగ్దీ మాత్రం ఆరోగ్య కేంద్రం ఎదురుగా ఉన్న టీ కొట్టు దాకా వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. చిన్నప్పుడు బడికి టీకాలవాళ్ళొస్తే కిటికీ దూకి చెరుకు తోటలో దాక్కున్న మనిషి, పట్టుకొచ్చి పొడిస్తే కళ్ళు తేలేసిన మనిషి. షాబాన్ చేతులు పట్టుకుని బతిమాలాడు. "కువైట్‌లో తప్పదు గనక కళ్ళు మూసుకుని ఇస్తున్నానన్నా, ఇవ్వకపోతే బయటికి గెంటేస్తారు. ఇక్కడ నువ్వున్నావుగా. నీ నెత్తురైతే ఏంటి, నాదైతే ఏంటి? ఇద్దరికీ తాత ఒక్కడే." ఆ తాత ముక్కు ఇద్దరికీ వచ్చింది. వగ్దీ గుర్తింపు కార్డే చూపించాడు, కార్డు ఫొటోలో ఎవడైనా దొంగలాగే ఉంటాడు. సూది పట్టుకున్నవాడు తలెత్తి చూడను కూడా లేదు, పేరు అడిగాడు, షాబాన్ వగ్దీ పేరు చెప్పి చొక్కా చెయ్యి మడిచాడు. పెళ్ళివారి బీరువా మేడ మీదికి మోసిపెట్టినట్టే అనుకున్నాడు, తమ్ముడి పెళ్ళికి ఆ మాత్రం చెయ్యడా. బయటికొచ్చాక వగ్దీ వాడికి చెరుకురసం తాగించాడు, నీరసం వస్తుందని, రెండో గ్లాసు కూడా బలవంతం చేశాడు.

చెరుకురసం తీపి ఇప్పుడు కూడా నోట్లో తగిలింది, చేదుగా. నిజానికి డాక్టరమ్మ చెడ్డది కాదు. వారం మొదట్లో ఫోను చేసి రమ్మంది, తలుపు మూసింది, ఫ్యాను శబ్దం ఎక్కువగా ఉందని దాన్ని కూడా ఆపింది. వగ్దీ గారూ, అంది. షాబాన్ తలూపాడు. మొదటి పరీక్షలో అనుమానం వచ్చి రాజధానికి పంపాం, జవాబు రావడానికి ఇన్నాళ్ళు పట్టింది, అక్కడా అదే వచ్చింది, ఇది చావు కాదు వగ్దీ గారూ, రోజూ ఒక మాత్ర, ప్రభుత్వమే ఇస్తుంది, వేసుకుంటే అందరిలాగే బతుకుతారు, మీ సంగతి ఈ గది దాటి పోదు, చట్టం ఒప్పుకోదు. ప్రతి మాటకీ వగ్దీ గారూ, వగ్దీ గారూ అంటూనే ఉంది, షాబాన్ వింటూ వింటూ నిజంగానే వగ్దీ కోసం బాధపడ్డాడు, పాపం వగ్దీ, పెళ్ళి ముందు ఎంత కష్టం వచ్చింది అనుకున్నాడు. ఎంతసేపు అలా అనుకున్నాడో. తన మోచేతి మడతలో తడుముకుంటున్న వేలు తనదేనని తెలిసేదాకా. పెళ్ళయినవాడికైతే ఏం చేస్తారని అడిగాడు అప్పుడు. అలాగైతే భార్యకి వెంటనే పరీక్ష చెయ్యాలి, కడుపుతో ఉంటే మరీ వెంటనే, మందు మొదలుపెడితే బిడ్డని కాపాడొచ్చు, ఆలస్యం చేసినకొద్దీ కష్టం అంది, అని నవ్వింది కూడా, ధైర్యం చెప్పడానికి. "మీకింకా పెళ్ళి కాలేదుగా. దేవుడి దయ, ముందే తెలిసింది."

దేవుడి దయ. షాబాన్ గదిలోంచి బయటికొచ్చి సందు చివర మసీదు కుళాయి దగ్గర మొహం కడుక్కుని ఊరికి వెళ్ళే వ్యాను ఎక్కేలోపు, ఆ కేంద్రంలో ఫైళ్ళు మోసే గుమాస్తా తన మేనల్లుడికి చెప్పాడు, మేనల్లుడు నిస్మా తండ్రి హాజీ ముతవల్లీ కొట్లో సిమెంటు బస్తాలు ఎత్తుతాడు. వ్యాను దిగేసరికి ఊరు తెలుసుకుని ఉంది. నెత్తురు ఇచ్చి తీరాలని ఒక చట్టం, ఎవరికీ చెప్పకూడదని ఇంకో చట్టం. మొదటిదానికి పోలీసున్నాడు, పెళ్ళి పెద్దమనిషి ఉన్నాడు, కంప్యూటరుంది. రెండోదానికి మూసిన తలుపు, ఆపిన ఫ్యాను, ఒక డాక్టరమ్మ మాట. గుమాస్తా చెడ్డవాడు కూడా కాదు, ఆడపిల్ల గొంతు కోయకుండా ఆపానని ఇవాళ ఊళ్ళో తల ఎగరేసి తిరుగుతున్నాడు. హాజీ ముతవల్లీ ఉంగరం వెనక్కి పంపాడు, కూతురి ఫోను లాక్కున్నాడు, ఆమెని ఒక్క మాటైనా అడిగినవాడు లేడు. టీ కొట్టు దగ్గర ఎవడో అమాయకంగా అడిగాడు, అదేంట్రా, కువైట్‌లో రెండేళ్ళకోసారి పరీక్ష చేసి గానీ ఉండనివ్వరు కదా, వీడు అక్కడ ఇన్నేళ్ళున్నాడు కదా అని. దానికి ఇంకొకడు మీసం దువ్వి చెప్పాడు, "అందుకేగా ఇప్పుడు వస్తోంది, పెళ్ళి సెలవంటున్నారు గానీ వాళ్ళే తరిమేసుంటారు." అలా అక్కడి పరీక్ష కూడా వగ్దీ మెడకే చుట్టుకుంది. షాబాన్ ఆ బల్ల మీదే కూచుని ఉన్నాడు. వాళ్ళతోపాటు తలూపాడు. ఆ ఊపిన తలని ఇప్పుడు ఈ కమ్మీకేసి కొట్టుకోవాలనిపించింది.

ఫోనులో చెప్పొద్దని చిన్నాన్న అందరి నోళ్ళూ నొక్కాడు, వాడు దిగనీ, పరాయి దేశంలో ఒంటరిగా ఏ అఘాయిత్యమైనా చేసుకుంటాడు. ఇవాళ పొద్దున వ్యాను తాళాలు షాబాన్ చేతిలో పెట్టి, ఇంటికి తీసుకురావొద్దు, తిన్నగా ఇంజను గదికి తీసుకెళ్ళు, పిల్లల్ని ముద్దు పెట్టుకోనివ్వకు అన్నాడు. అని లోపలికెళ్ళి పెళ్ళి మంచానికి కొన్న కొత్త పరుపు మీది ప్లాస్టిక్ తొడుగు చించుకొచ్చాడు. దాన్ని వ్యానులో పక్క సీటు మీద పరిచాడు, మూలలు సీటు కిందికి దోపాడు, ముడతలు అరచేత్తో సాపు చేశాడు, పక్క పరిచే తల్లిలాగా. ఏడుస్తూనే పరిచాడు. దారంతా ఆ ప్లాస్టిక్ షాబాన్ పక్కన చరచరలాడుతూ వచ్చింది. గుంటల్లో వ్యాను ఎగిరినప్పుడల్లా ఎవరో సర్దుకుని కూచున్నట్టు చప్పుడు చేసింది, ఒకసారి పక్కకి తిరిగి చూశాడు కూడా.

"నీకెవరొస్తున్నారు నాయనా?" పక్కన నిలబడ్డ లావుపాటి ఆవిడ, నల్లటి గౌను, చేతిలో ఇంట్లో కాల్చిన రొట్టెల మూట. ఆవిడ కొడుకు అదే విమానంలో వస్తున్నాడు, ఇందాకట్నించీ ఎవరు దొరికితే వాళ్ళకి చెబుతోంది. తమ్ముడు అన్నాడు షాబాన్. మొహం చూస్తే తెలుస్తోందిలే, పెళ్ళికొడుకు అన్న మొహం, నిద్రలేని మొహం అంది ఆవిడ. పెళ్ళెప్పుడు? ఈ వారమే అని నోరు జారింది. ఆవిడ తన రొమ్ము చరుచుకుని, మీ ఇంట్లో ఆడవాళ్ళెవరూ రాలేదా, అలా ఎలా, నేనున్నాను, నీ తమ్ముడు ఆ తలుపు దాటగానే సంతోషంగా పెళ్ళి కూత పెట్టే పూచీ నాది అంది. వద్దమ్మా అనబోయాడు. పెళ్ళి కూత వద్దనే మనిషిని ఏమనుకుంటారు? నోరు మూసుకున్నాడు. ఈ వారమంతా చేసిన పని అదొక్కటే.

ఎక్కడిదీ జబ్బు? అదే అడుగుతారు అందరూ, ఎలా ఉన్నావని ఒక్కడు అడగడు, ఎక్కణ్ణించి తెచ్చావనే అడుగుతారు. లిబియాలో గోడలకి పూత వేసే పనికి పోయినప్పుడు జ్వరాలొచ్చాయి, కూలీల గుడారంలో ఒకడు సూది మందు ఇచ్చేవాడు, ఒకే సూది అందరికీ, వేడినీళ్ళలో ముంచి తీసేవాడు. అది చెప్పొచ్చు, ఆ సూది నిజమే. అక్కడే ఊరి చివర ఒక ఇంటికి, తోటివాళ్ళు నవ్వుతూ నెడితే, వెళ్ళిన సాయంత్రం కూడా నిజమే, ఆ అమ్మాయి పేరు అడగలేదు, ఆమె వేలికి పసుపుపచ్చ దారం కట్టి ఉంది, అదొక్కటే గుర్తు. ఏది ఇచ్చిందో నెత్తురు చెప్పదు. ఊరు చెప్పేస్తుంది, ఊరికి ఆ రెండోదే కావాలి. లిబియానించి వచ్చాకే సబాహ్‌తో పెళ్ళి. అప్పుడూ ఈ కాగితం ఉంది. కాగితమే ఉంది, సూది లేదు. బంట్రోతు ముద్ర గుద్ది చేతిలో పెట్టాడు, దున్నపోతులా ఉన్నావు, నీకు పరీక్షేంటోయ్ అని వీపు తట్టాడు. షాబాన్ నవ్వాడు. సబాహ్ అన్నలు ఆ ముద్ర చూసుకుని తృప్తి పడ్డారు. చట్టం గడప దాకా వచ్చి కాగితం చూసి వెళ్ళిపోయింది, గడప లోపల ఇన్నేళ్ళు ఎవరు ఎవరికి ఏమిచ్చారో దానికి పట్టలేదు. గడప దాటినవాళ్ళ జోలికి ఇంక రాదు. రానందుకు ఇన్నాళ్ళూ బతికిపోయాననుకున్నాడే, అదీ వాడి తెలివి.

సబాహ్ వారంగా వాడితో సరిగ్గా మాట్లాడటం లేదు. ఉక్కగా ఉందని మేడ మీద పడుకుంటున్నాడు, మేడ మీద దోమలు, ఉక్క కింద కంటే ఎక్కువ. ఎవతో చెప్పు అని నిన్న అడిగింది, మొలోకియా ఆకుకూర తరుగుతూ, కత్తి ఆపకుండా. ఇన్నేళ్ళు పిల్లలు లేరని మీవాళ్ళు అన్న మాటలు పడ్డాను, ఇప్పుడు కడుపు నిలిచాక నీకు ఇంకొకతె కావాల్సొచ్చిందా అంది. ఎవరూ లేరే అన్నాడు. అది నిజం కావడమే ఘోరం. ఇంకొకతె ఉంటే బాగుండేది, ఆమె ఏడ్చి పుట్టింటికి పోయేది, అన్నలు వచ్చి నాలుగు తన్నేవాళ్ళు, అందరికీ అర్థమయ్యే తప్పు. ఆమె ఈ మధ్య మట్టి కుండ పెంకులు వాసన చూస్తోంది, కొత్త కుండ నీళ్ళే కావాలంటోంది. మందు మొదలుపెడితే బిడ్డని కాపాడొచ్చు. ఆలస్యం చేసినకొద్దీ కష్టం. మేడ మీద పడుకున్నప్పుడల్లా ఆ మాట దోమలతోపాటు చెవి చుట్టూ తిరిగేది. పొద్దున లేచి కిందికొచ్చి చెప్పేస్తాననుకునేవాడు, కిందికొచ్చేసరికి ఆమె వాడి కోసం టీలో పుదీనా వేస్తూ ఉండేది, కోపంలోనూ వేసేది, అంతే, గ్లాసు తీసుకుని బయటికి పోయేవాడు. ఇంకా ఒక్క రోజు. చెప్పని రోజు ప్రతిదీ ఆ బిడ్డ నోట్లోంచి లాక్కున్నదే. అది తెలిసీ లాక్కున్నాడు.

వగ్దీకి ఏం చెప్పాలి? చాలా వాక్యాలు కట్టుకున్నాడు. ల్యాబువాళ్ళు పొరపాటు చేశారురా, రేపు నువ్వు మళ్ళీ ఇయ్యి, శుభ్రంగా వస్తుంది, హాజీ ముతవల్లీ వచ్చి నీ కాళ్ళు పట్టుకుంటాడు, పెళ్ళి జరిగిపోతుంది, ల్యాబుని నలుగురం తిట్టుకుందాం, నాది నాలోనే ఉంటుంది. ఎంత బాగుందో ఆ వాక్యం. దానికి వగ్దీ ఒప్పుకోవాలి, ఒప్పుకుంటాడు కూడా, తమ్ముడు కదా, సూదికి జడిసి తనే పంపాడు కదా. అందరూ గెలుస్తారు, సబాహ్ తప్ప. సబాహ్ కడుపులో ఉన్నది తప్ప. ఆ డాక్టరమ్మ దగ్గరున్న మాత్రలు కూడా వగ్దీ పేరు మీదే ఉన్నాయి, వగ్దీ శుభ్రమని తేలగానే అవీ పోతాయి. నెత్తురు తనది, పేరు వగ్దీది, పరువు వగ్దీది పోయింది, ప్రాణం తనది పోతుంది. ఎవడిది వాడికి దక్కకుండా ఎంత చక్కగా కుదిరింది.

తలుపు తెరుచుకుంది. తాళ్ళు కట్టిన అట్టపెట్టెలు, వాటి మీద ఇంకో అట్టపెట్టె, దాని వెనకనించి తాత ముక్కు. వగ్దీ బండి వదిలేసి కమ్మీ మీదుగానే వాటేసుకున్నాడు, ఈ చెంపా ఆ చెంపా ముద్దు పెట్టుకున్నాడు. షాబాన్ మెడ కర్రలా బిగుసుకుంది. అప్పుడు ఆ లావుపాటి ఆవిడ మాట నిలబెట్టుకుంది, నాలుక ఆడిస్తూ పెళ్ళి కూత తీసింది, ఎరగని ఆడవాళ్ళు ఇంకో ఇద్దరు అందుకున్నారు, ఆ కూత హాలు కప్పుకి తగిలి కిందికి జారింది. వగ్దీ సిగ్గుపడి గుండె మీద చెయ్యి పెట్టుకుని అందరికీ తల వంచాడు. వాడి పెళ్ళికి మోగిన కూత అదొక్కటే అవుతుందేమోనని షాబాన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ చూసి, ఏడవనీ, అన్న కదా అంది.

నాన్న రాలేదేం అని అడిగాడు వగ్దీ, మోకాళ్ళ నొప్పులన్నాడు షాబాన్. నిస్మా నాలుగైదు రోజులుగా ఫోనెత్తడం లేదు, పెళ్ళికూతురి బెట్టు చూశావా అని నవ్వాడు. ఎండలో వ్యాను దాకా నడిచారు, పెట్టెలు వెనకకెక్కించారు. వగ్దీ ముందు తలుపు తీసి ఆగాడు.

"ఇదేంటన్నా, ప్లాస్టిక్కు?"

"చిన్నాన్న పరిచాడు."

"ఎందుకూ?"

"నువ్వు కూచుంటావని."

కట్టుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. వచ్చినవి మొండిగా, పొట్టిగా వచ్చాయి. నిస్మా వాళ్ళు ఉంగరం తిప్పి పంపేశారని చెప్పాడు. వగ్దీ నెత్తురులో ఆ జబ్బుందని తేలిందని, ఊరంతా తెలిసిపోయిందని చెప్పాడు. వగ్దీ నవ్వాడు. "నా నెత్తురేంటి? నేనిచ్చిందెక్కడ, ఆ రోజు నువ్వే కదా…" నవ్వు అక్కడే ఆగింది. వాడు షాబాన్ మొహంకేసి చూడలేదు, మోచేతి మడతకేసి చూశాడు. ఎవడో స్థలం కోసం వెనకనించి హారను కొట్టాడు, కొట్టి కొట్టి తిట్టి వెళ్ళిపోయాడు.

"వదినకి తెలుసా?"

"లేదు."

"ఎన్నాళ్ళయింది నీకు తెలిసి?"

షాబాన్ చెప్పాడు. వగ్దీ మొహం తిప్పుకున్నాడు. చాలాసేపు పెట్టెలకి కట్టిన తాడు బిగిస్తూ నిలబడ్డాడు, బిగుసుకునే ఉన్న తాడుని. "నన్ను ఇంజను గదికే తీసుకెళ్ళేవాడివా?" అన్నాడు, అటే తిరిగి. తెలియదురా అన్నాడు షాబాన్. ఈ వారంలో వాడు తన మనసు దాచకుండా చెప్పిన మొదటి మాట అదే. వగ్దీ తిడతాడనుకున్నాడు, కొడతాడనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. వగ్దీ చెయ్యి చాపాడు. "తాళాలు ఇలా ఇయ్యి. నేను నడుపుతా. ఇంటికే పోదాం. ముందు వదిన దగ్గరికి." షాబాన్ తాళాలు వాడి అరచేతిలో పై నించి జారవిడిచాడు, వేళ్ళు తగలకుండా. అలా జారవిడిచింది తనో, అరచెయ్యి అంత కిందికి పెట్టింది వాడో తెలియలేదు.

షాబాన్ వ్యాను చుట్టూ తిరిగొచ్చాడు. ప్లాస్టిక్ ఎండకి కాగి ఉంది, చిన్నాన్న సాపు చేసిన ముడతలు అలాగే ఉన్నాయి. వగ్దీ అద్దం సర్దుకుంటున్నాడు, ప్లాస్టిక్ తీసెయ్యమనలేదు. షాబాన్ దాని మీదే కూచున్నాడు. చరచరమంది. ఎవరి చోటు వాళ్ళకొచ్చింది అనుకున్నాడు. జేబులో ఫోను కొట్టుకుంది.

"ఎత్తు" అన్నాడు వగ్దీ.

వగ్దీ గారేనా, ఎన్నిసార్లు చేశానో, భయపడకండి, మందు తెప్పించి ఉంచాను అంది డాక్టరమ్మ ఒక్క గుక్కలో. వగ్దీని కాదమ్మా, షాబాన్‌ని, వాళ్ళ పెదనాన్న కొడుకుని అన్నాడు. అవతల గొంతు ఒక్కసారిగా మారింది, తలుపు మూసినట్టు. క్షమించండి, నంబరు పొరపాటు పడినట్టుంది, ఆయన విషయం ఆయనతో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు, చట్టం ఒప్పుకోదు అంది, పెట్టేసింది. ఊరు ఊరంతా వగ్దీ పేరు నములుతుంటే ఆ ఒక్క మనిషి ఇంకా ఆ పేరుకి కాపలా కాస్తోంది, అదీ ఆ నెత్తురిచ్చినవాడి నించే. షాబాన్‌కి నవ్వొచ్చింది, పిచ్చి నవ్వు, ప్లాస్టిక్ కూడా కదిలింది. వగ్దీ వ్యాను రోడ్డెక్కించాడు, వాడివైపు చూడలేదు, కిటికీ అద్దం పూర్తిగా దించాడు. షాబాన్ అదే నంబరు నొక్కాడు. మోగింది, మోగింది, ఎత్తింది.

"పెట్టెయ్యకండి డాక్టరమ్మా. ఆ నెత్తురు నాది. నాకు పెళ్ళయింది. నా భార్యకి నాలుగో నెల."